సైరన్ సైలస్ గారి పావుగంట

అక్టోబర్ 5, ఆదివారం

ఇవాళ కూడా చర్చికి మేమే ముందు. వాచ్‌మన్ ఇంకా తాళం తియ్యలేదు. గేటు బయట ఆటోలో అమ్మా నేనూ కూర్చుని ఉంటే, ఆటో అతను వెనక్కి తిరిగి "ప్రేయర్ క్యాన్సలైందా మేడమ్?" అన్నాడు.

మా హాల్లో గోడ గడియారం పావుగంట ముందు నడుస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. గడియారాలు మారాయి, పావుగంట మారలేదు. ఇంటికొచ్చిన ప్రతి ఎలక్ట్రీషియనూ దాన్ని సరిచెయ్యబోతాడు, అమ్మ మంచం మీంచే "దాని జోలికి పోకు నాయనా" అంటుంది. ఎనభై ఆరేళ్ళ దేవకృపమ్మ గారి ఆజ్ఞ ఎవడు దాటుతాడు. అందుకని ప్రతి ఆదివారం తాళం వేసిన చర్చి ముందు కూర్చోవడం మా వంశాచారం. నాన్న ఉన్నప్పుడు మెట్ల మీద రుమాలు పరిచి, జేబులోంచి పల్లీలు తీసి, "ఇంకా పావుగంట ఉంది, కూర్చో కృపా" అనేవాడు. ఇప్పుడు పల్లీలు లేవు, ఆటో వెయిటింగ్ చార్జీ ఉంది.

సాయంత్రం ఎదురింటి వేణుమాధవ్ వచ్చాడు. నాకన్నా రెండేళ్ళు చిన్న. చిన్నప్పుడు నాకు ఎక్కాలు అప్పజెప్పి తన్నులు తిన్నవాడు. ఇప్పుడు 'మన మిల్లు – మన ముచ్చట' కమిటీ అధ్యక్షుడు. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని శుభ్రం చేసి, లైట్లు పెట్టి, జనం ఫోటోలు దిగడం మొదలైన దగ్గర్నుంచి మా మిల్లు బస్తీలో ఎవరికీ నిద్ర లేదు. వాళ్ళకు బావి ఉంది, మనకేముంది అని ఒకటే బాధ. మనకున్నది మూతపడి ముప్పయ్యేళ్ళు దాటిన బట్టల మిల్లు. అందులోనూ మిగిలింది ఒక గేటు, దాని పక్కన సైరన్ స్తంభం. మిగతా చోటంతా బిల్డరు అపార్ట్‌మెంట్లు కట్టాడు. చరిత్ర మీద గౌరవంతో, నూలు వడికే కదురు పేరు మీద, మూడో బ్లాకుకు 'స్పిండిల్' అని పేరు పెట్టాడు. అక్కడ ఉండేవాళ్ళు అదేదో పండు అనుకుంటున్నారు.

కాబట్టి ప్రతి రెండో శనివారం చర్చి వెనక హాల్లో ఎవరో ఒకరు మిల్లు గొప్పతనం గురించి ప్రసంగిస్తారు. పోయిన నెల ఒకాయన మిల్లు క్యాంటీన్ వడ గురించి గంటసేపు మాట్లాడాడు. ఏడ్చినవాళ్ళు కూడా ఉన్నారు.

"అక్కా, వచ్చే శనివారం నీదే ముచ్చట" అన్నాడు వేణు. "సైలస్ పెద్దనాయిన గురించి చెప్పాలె. జెర నవ్వించు. పబ్లిక్ కూసున్నకాడనే నిద్రపోతున్నరు." పెద్దనాయిన అంటే మా నాన్న.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పాడు. పాడైన సైరన్‌ను బాగుచేయిస్తున్నారు. నవంబర్ 8న సాయంత్రం ఐదింటికి, మిల్లు మూతపడ్డాక మొదటిసారి, దాన్ని మోగిస్తారు. గేటుకు నల్లరాతి పలక పెడతారు. దాని మీద 'సైరన్ సైలస్ ద్వారం' అని చెక్కిస్తారు.

అమ్మ దిండు మీంచి తల ఎత్తింది. "అక్షరాలు ఎంత పెద్దవి?" అంది. వేణు బెత్తెడు చూపించాడు. అమ్మ ఆ బెత్తెడు వైపు చాలాసేపు చూసింది.

"అది చూసి పోతాను" అంది. డాక్టర్ గారు జూన్‌లో గుండె సంగతి చెప్పినప్పటి నుంచి అమ్మ ఏ పండగకూ ఆ మాట అనలేదు. ఈ రాయికి అంది.

అక్టోబర్ 9

ప్రసంగం రాస్తున్నాను. సీరియస్‌గా రాస్తే నాన్న పాస్టరులా తయారవుతున్నాడు. ఆయనకు అంత లేదు.

అక్టోబర్ 11, శనివారం

నా నోట్లో మట్టి పడ.

బాగా మొదలైంది. మిల్లు సైరన్ మోగించే పని నాన్నది అని అందరికీ తెలుసు. టైమంటే సైలస్, సైలస్ అంటే టైము అనేవారు. ఆయన వాచీ చూసి సైరన్ కొట్టేవాడు. అదే వాచీ చూసి గేటు దగ్గరి పెద్ద గడియారాన్ని సరిచేసేవాడు. బస్తీలో ఇళ్ళల్లో వాచీలెక్కడివి? అన్నం ఎసరు మొదలుకొని ఆడవాళ్ళ పురుళ్ళ దాకా సైరన్ లెక్కే. మొదటి సైరన్‌కు పుట్టాడు, రెండో సైరన్ ముందు పుట్టింది అని రాసుకుని, ఆ లెక్కనే జాతకాలు వేయించేవారు. ఇదంతా చెప్పాను. తలలు ఊగాయి. ఒకావిడ ముక్కు చీదింది.

అక్కడ ఆపొచ్చు కదా. ఆపలేదు. వేణు నవ్వించమన్నాడు కదా.

"ఒక్కటే చిక్కు" అన్నాను. "నేను చిన్నప్పుడు రేడియో పెట్టుకుని చూసేదాన్ని. మన సైరన్ పావుగంట ముందు మోగేది. మా నాన్నకు చెబితే, రేడియోవాడు ఢిల్లీలో కూర్చుంటాడు, సికింద్రాబాద్ సంగతి వాడికేం తెలుసు అన్నాడు. అందుకే మన బస్తీవాళ్ళు స్టేషన్‌కు పోయి, రైళ్ళన్నీ లేటని తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళు."

నవ్వారు. నిజంగానే నవ్వారు. ఆ నవ్వు ఎంత బాగుంది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఒక్కొక్కరూ లోపల ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కనిపించింది.

ముందు లక్ష్మణ్ కాకా లేచాడు. మిల్లు యూనియన్ లీడరు. ఎనభై దాటినా మైకు అక్కరలేని గొంతు.

"టీచరమ్మా, అంటె మేనేజ్‌మెంటు మా దగ్గర రోజూ పావుగంట గుంజుకున్నదన్నట్టే గద. కలకత్తా నుంచొచ్చిన మేనేజరు చెప్పిండు, మీ నాయిన చేసిండు. గంతేనా?"

"సాయంత్రం సైరన్ కూడా ముందే మోగింది కాకా. మీరు పావుగంట ముందే ఇంటికి పోయారు" అన్నాను.

"గా ముచ్చట నీకెట్ల తెలుసు? నువ్వు ఇస్కూల్ల ఉంటివి."

లెక్కల టీచరుగా రిటైరైన నేను, స్కూలు వదిలే టైము వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇంతలో వేదిక మీద నా పక్కనే కూర్చున్న వేణుమాధవ్ నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం తెల్లబోయి ఉంది.

"అక్కా, పొద్దుగాల మొదటి సైరన్ సుత ముందేనా?"

"అన్నీ ముందే వేణూ."

అతను నా చెయ్యి వదిలేశాడు. వందన సమర్పణ కూడా చెయ్యలేదు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఎట్టా జరిగింది?" అని. బాగా జరిగింది, అందరూ నాన్న గురించే మాట్లాడుకుంటున్నారు అన్నాను. అబద్ధం కాదు.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చిలో ఎవరూ సరిగ్గా పలకరించలేదు. మావాళ్ళకు జాతకాలు లేవు, ఉన్నవి బాప్తిస్మం సర్టిఫికెట్లు. వీళ్ళకేం కోపం అనుకున్నాను. తర్వాత తెలిసింది. పాత పాస్టరు గారు ప్రతి ఆదివారం పావుగంట ఆలస్యంగా వస్తాడని మిల్లు కుటుంబాలన్నీ ఆయన్ని తిట్టుకున్నాయట. బిషప్‌కు పిటిషన్ కూడా పెట్టారట. పాపం ఆయన టైముకే వచ్చేవాడు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది. ఇప్పుడు క్షమాపణ ఎక్కడికెళ్ళి చెప్పాలి అని ఒకాయన నన్ను నిలదీశాడు. పైకి వెళ్ళినప్పుడు చెప్పండి అన్నాను.

నిజానికి ఆ రోజుల్లో పాస్టరు గారిని ఏమీ అనకుండా ఉన్నది నాన్న ఒక్కడే.

అక్టోబర్ 14

బస్తీలో పిచ్చి మొదలైంది. కవాడిగూడ పంతులు గారింటి ముందు లైను ఉందట. యాభై దాటినవాళ్ళంతా పాత జాతకాలు పట్టుకుని, పావుగంట వెనక్కి జరిపి మళ్ళీ వేయించుకుంటున్నారు. పోయిన ఉద్యోగాలు, రాని ప్రమోషన్లు, కోడళ్ళతో గొడవలు, అన్నిటికీ మా నాన్నే కారణమని తేలుతోంది. ఒకావిడ ఫోను చేసి, నేను వృశ్చికం అనుకుని ఇన్నేళ్ళూ నోరు మూసుకుని బతికాను, తులట కదమ్మా, అని ఏడ్చింది. ఇప్పుడు తెరవండి అన్నాను. ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం వేణు భార్య రాజ్యం వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అక్కా, నేను రెండో పెండ్లాన్నట."

"ఏమంటున్నావ్ రాజ్యం?"

"అవునక్కా. మొదటామె అరటిచెట్టు."

వేణు మొదటి సైరన్‌కు పుట్టాడు. ఆ లెక్కన వేసిన జాతకంలో కుజదోషం వచ్చింది. దోషం పోవాలని, రాజ్యంతో పెళ్ళికి ముందు, వాళ్ళ అమ్మ గుట్టుచప్పుడు కాకుండా అరటిచెట్టుకు తాళి కట్టించింది. తర్వాత చెట్టు కొట్టేశారు. వేణు ముప్పయ్యేళ్ళకు పైగా ఈ సంగతి పెళ్ళానికి చెప్పలేదు. నిన్న పంతులు గారు పావుగంట సవరించి, నీకు దోషమే లేదు నాయనా అన్నాడట. ఆ కోపంలో ఇంటికొచ్చి వేణు అంతా కక్కేశాడు.

"నాకేం బాధ లేదక్కా. గా చెట్టుకు ఏమేం పెట్టిండ్రో అడిగిన. పట్టుచీర సుత కట్టిండ్రట. నాకు పెట్టింది గద్వాల కాటన్." ఇక్కడికి వచ్చేసరికి ఇద్దరం ఆగలేకపోయాం. మంచం మీంచి అమ్మ "ఏవిటే ఆ ఇకఇకలు" అంది. ఏం లేదమ్మా అన్నాను.

పోతూ పోతూ రాజ్యం గుమ్మంలో ఆగింది. "ఆయన మస్తు గుస్సా మీద ఉన్నడక్కా. రాయి మీద పేరు ఉంచుడు కష్టమే అంటున్నడు."

అక్టోబర్ 15

అమ్మ అడిగింది. "రాయి చెక్కడం అయిందంటా?"

చెక్కుతున్నారమ్మా.

అక్టోబర్ 17

లక్ష్మణ్ కాకా ఇరానీ హోటల్లో కూర్చుని, సైలస్ మేనేజరు మనిషి అని పది మందికి చెబుతున్నాడట. నాన్న అంత్యక్రియల రోజు సమాధిలో మొదటి పిడికెడు మట్టి వేసింది ఈ కాకాయే.

తమ్ముడు ఆషర్ కాప్రా నుంచి ఫోను చేశాడు. వాడికి బ్యాంకు ఉద్యోగం, కాప్రా చెరువు కనబడే బాల్కనీ, అందరికీ సలహాలు ఉన్నాయి. "ఎవరడిగారు నిన్ను నవ్వించమని? నాన్నకున్నది ఆ ఒక్క పేరు. ఆస్తి లేదు, పొలం లేదు, టైము ఒక్కటుంది. అది కూడా తీసేశావు" అన్నాడు.

వాడి మాటకు కోపం వచ్చింది. కోపం పోయాక ఆ మాట మిగిలింది.

అక్టోబర్ 20, దీపావళి

వేణు ఇంటినుంచి స్వీట్లు రాలేదు. నాకు ఊహ తెలిశాక ఇదే మొదటిసారి. వాళ్ళు దీపావళికి పంపుతారు, మేం క్రిస్మస్‌కు కేకు పంపుతాం.

అమ్మ రెండుసార్లు తలుపు వైపు చూసింది. షుగరు కదమ్మా, నేనే వద్దన్నాను అని చెప్పాను. ఈ నెలలో నా అబద్ధాలకు ఒక రిజిస్టరు పెట్టాలి.

అక్టోబర్ 26, ఆదివారం

కమిటీ మీటింగు పెట్టారు. నన్నూ పిలిచారు. ఎవరూ టీ ఇవ్వలేదు.

రాయి చెక్కడం అయిపోయింది, పేరుతో సహా. డబ్బులు ఇచ్చేశారు కాబట్టి పారెయ్యలేరు. లక్ష్మణ్ కాకా పేరు చెరిపేయమన్నాడు. వేణు మధ్యలో ఒక దారి చూపించాడు. నవంబర్ 8న నేను వేదిక మీద నిలబడి, సైరన్ ఎందుకు ముందు మోగిందో జనానికి సరైన కారణం చెప్పాలి. ఒప్పుకోదగ్గ కారణమైతే పేరు ఉంటుంది. లేకపోతే ఆ వరస మీద సిమెంటు పూసి, 'ద్వారం' అని మాత్రం ఉంచుతారు.

"కారణం నాకు తెలియదు వేణూ" అన్నాను.

"తెలువకుంటె అందరి ముందల ఎందుకు చెప్పినవక్కా?" అన్నాడు. ఈ ప్రశ్నకు మార్కులు పూర్తిగా ఇవ్వాలి.

బయటికి వచ్చాక మళ్ళీ అతనే నా పక్కన నడిచాడు. "ఏదో ఒకటి చెప్పు. మేనేజరు బెదిరించిండనో, పిల్లగాండ్ల కోసం చేసిండనో. నేను సంభాళిస్తా." అరటిచెట్టు మాట ఇద్దరం ఎత్తలేదు.

నవంబర్ 1

"రాయి వచ్చిందా?"

వచ్చిందమ్మా. చాలా నున్నగా ఉంది.

నవంబర్ 2, ఆదివారం

చర్చికి పోలేదు. అమ్మకు కాస్త ఆయాసం.

గేటు దగ్గర చిన్న ప్రదర్శన పెడుతున్నారు, మిల్లు నాటి వస్తువులు ఏమున్నా తెమ్మన్నారు. సాయంత్రం బీరువాలోంచి నాన్న వాచీ తీశాను. ఆగిపోయి తొమ్మిదేళ్ళయింది. నాన్న పోయిన రోజు నుంచీ ఎవరూ దానికి కీ ఇవ్వలేదు. అమ్మ చూసి చెయ్యి చాపింది. చూపు కాస్త తగ్గినా వేళ్ళు మరచిపోలేదు. కీ ఇచ్చింది, చెవి దగ్గర పెట్టుకుంది, టిక్కుటిక్కుమంటోంది అంది.

"టైమెంత?" అంది.

ఫోను చూసి, ఆరూ పది అన్నాను.

అమ్మ ముల్లు తిప్పి నా చేతికిచ్చింది. చూశాను. ఆరూ ఇరవై ఐదు.

"తప్పు పెట్టావమ్మా. ఆరూ పదే అయింది."

"తెలుసు. మీ నాన్న వాచీకి అట్టాగే పెట్టాలి" అంది. ఎసట్లో ఉప్పు వెయ్యాలి అన్నంత మామూలుగా అంది.

ఇరవై రెండు రోజులుగా బస్తీ బస్తీ తల బద్దలు కొట్టుకుంటున్న కారణం మా ఇంట్లో మంచం మీద పడుకుని ఉంది. గోడ మీద గడియారం కూడా ఉంది, నా ఎదురుగా, నా పుట్టుక నుంచీ. నేను లెక్కలు చెప్పాను పిల్లలకు. వాళ్ళ తల్లిదండ్రులు నన్ను క్షమించాలి.

మెల్లగా అడిగాను. అమ్మ చెప్పింది.

"తెనాలి నుంచి వచ్చిన కొత్త. మీ నాన్నకు నిద్ర అంటే ప్రాణం. మిల్లులో చేరిన మొదటి వారంలోనే రెండుసార్లు మొహం మీద గేటు వేసేశారు. మూడోసారైతే పని పోయేది. ఊరు కాని ఊళ్ళో ఏం తింటాం? రాత్రి కీ ఇచ్చేటప్పుడు ముల్లు కొంచెం ముందుకు తిప్పాను. పొద్దున్నే టైమైపోయిందని పరిగెత్తాడు. ఆ రోజు నుంచీ ఒక్కరోజు ఆలస్యం లేదు. మేనేజరు చూశాడు, వీడికి టైమంటే భక్తి అని సైరన్ అప్పజెప్పాడు."

"అప్పుడైనా వెనక్కి తిప్పాల్సింది కదమ్మా."

"ఎట్టా తిప్పేది? గేటు గడియారం కూడా ఆ వాచీ చూసే పెట్టాడాయె. ఒక్కసారిగా పావుగంట వెనక్కి పోతే ఊరంతా ఏమైందంటుంది, ఆయన పని పోతుంది. ఇవాళ తిప్పుదాం, రేపు తిప్పుదాం అనుకుంటూనే మిల్లే మూసేశారు. రోజూ రాత్రి రేడియో విని, పావుగంట కలిపి పెట్టేదాన్ని."

"నాన్నకు తెలీదా?"

"తెలిస్తే ఊరుకునే మనిషేనా? రేడియోవాడితో పోట్లాడేవాడు, చూడలేదూ నువ్వు."

ఎంత సేపు నవ్వానో. జనరల్ మేనేజరు, రెండు షిఫ్టుల కూలీలు, బస్తీ సంసారాలు, పుట్టిన ప్రతి బిడ్డ జాతకం, అంతా తెనాలి నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ళ అమ్మాయి వేళ్ళ మీద నడిచింది. కారణం దొరికింది, రాయి దొరికింది అనుకున్నాను.

అమ్మ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పకు. ఆయన బతికినంత కాలం టైము నా చేతిలో ఉందనుకుని బతికాడు. పెళ్ళాం చేతిలో ఉందని తెలిస్తే నలుగురూ ఏమంటారు? నేనున్నంత కాలం ఆయన వెర్రివాడు కాకూడదు. మాటివ్వు."

బైబిల్ తెమ్మంది. తెచ్చాను.

నవంబర్ 3

గోడ గడియారాన్ని సరిచేశాను. కసితోనే చేశాను. ఇప్పుడది కరెక్టు టైము చూపిస్తోంది. మా ఇల్లే అద్దెకున్నవాళ్ళ ఇల్లులా ఉంది.

నవంబర్ 5

చెబితే నాన్న వెర్రివాడు. చెప్పకపోతే మేనేజరు తొత్తు, రాయి మీద సిమెంటు. అమ్మకు సిమెంటు సంగతి తెలియదు. కమిటీకి వాచీ సంగతి తెలియదు. ఇద్దరికీ మధ్య నేను, నోటి తీటతో.

నవంబర్ 7

ఒక దారి ఉంది. నేనే తప్పు చెప్పానంటాను. మా ఇంటి రేడియోనే పాడైందని, పావుగంట లేటు నడిచేదని. నలభై మంది పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషిని, వేదికెక్కి రేడియో లేటుగా నడుస్తుందని చెబుతాను. నాన్న వాదన కూడా అదే కదా. కూతురు ఇన్నాళ్ళకు ఒప్పుకుంది అనుకుంటాడు.

నవంబర్ 8, శనివారం

వరసగా రాస్తాను. మళ్ళీ చదువుకోవాలి.

నాలుగింటికే జనం నిండిపోయారు. ఐదింటికి సైరన్ అంటే నాలుగింటికి వచ్చి కుర్చీలు పట్టుకున్నారు. అది మిల్లువాళ్ళ రక్తంలో ఉంది. అమ్మను చక్రాల కుర్చీలో రాజ్యం తోసుకొచ్చింది. తెల్లచీర, నాన్న వాచీ మణికట్టుకు. ప్రదర్శనకు ఇవ్వనంది. రాజ్యం ఆవిణ్ణి తిన్నగా గేటు దగ్గరికే తోసుకుపోయింది. నేను ఆపేలోపు.

రాయి పెట్టారు. 'ద్వారం' అనే మాట కనిపిస్తోంది. దానికి పైన, పేరు ఉండాల్సిన చోట, పాత న్యూస్‌పేపర్ ముక్క జిగురుతో అంటించి ఉంది. టైర్ల ప్రకటన. సిమెంటు తర్వాత పూద్దామని అనుకున్నట్టున్నారు.

అమ్మ ఆ పేపర్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. అప్పటికే నా పేరు పిలిచేశారు.

మైకు ముందు నిలబడ్డాను. "పోయిన నెల నేను చెప్పింది తప్పు" అన్నాను. "సైరన్ సరిగ్గానే మోగింది. మా ఇంట్లో రేడియో పాడైపోయి, కాస్త లేటుగా..."

"రేడియో లేటుంటదా టీచరమ్మా?" అన్నాడు లక్ష్మణ్ కాకా మొదటి వరసలోంచి. "పాడైతె గురగురమంటది. వార్తలు రేపు చదువుతదా?"

అందరూ గొల్లున నవ్వారు. కాకా లేచి నిలబడ్డాడు. "ఎందుకమ్మా గీ తిప్పలు. మేనేజరు చెప్తె చేసిండని ఒప్పుకో, అయిపాయె. పెద్దమనిషి పోయిండు, మేం కూడ మాఫ్ చేస్తం."

"లక్ష్మణూ" అంది అమ్మ.

మైకు లేదు. అయినా వినిపించింది. రాజ్యం కుర్చీని ముందుకు తోసింది, వేణు మైకు తెచ్చి అమ్మ నోటి దగ్గర పట్టుకున్నాడు.

"సైలస్ గారు మేనేజరు మాట వినలేదు. మీ యూనియన్ మాటా వినలేదు. నా మాట అసలే వినలేదు. ఈ వాచీ మాట విన్నాడు. దీనికి రోజూ రాత్రి కీ ఇచ్చింది నేను. ముల్లు ముందుకు తిప్పింది నేను. లేకపోతే ఆయన పొద్దున్నే లేవడు. ఆయనకు తెలీదు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి, ఎదురుగానే ఉన్నాను. ఆయన పేరు మీద ఆ కాయితం ఏవిటి? ముందు అది పీకండి."

ఎవరి మొహంలో ఏముందో నాకు కనిపించలేదు, కళ్ళు మసకేశాయి. ముందు రాజ్యం నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది.

"మా ఇంట్ల సుత గంతేనమ్మా. ఈయన వాచీ పది నిమిషాలు ముందే పెడ్త."

వేణు మైకు పట్టుకున్న చేతిని అలాగే తిప్పి వాచీ చూసుకున్నాడు. రెండో చేత్తో ఫోను తీసి చూసుకున్నాడు. మళ్ళీ వాచీ చూసుకున్నాడు. అప్పుడు ఆడవాళ్ళ వరసలన్నీ ఒక్కసారిగా నవ్వాయి. మగవాళ్ళు ఒక్కొక్కరే మణికట్లు చూసుకోవడం మొదలుపెట్టారు.

"పెద్దమ్మా" అన్నాడు వేణు. "నీ పావుగంటకు నాకు అరటిచెట్టుతోని పెండ్లి చేసిండ్రు, తెలుసా?" వందల మంది ముందు, మైకులో.

"దోషం పోయిందిగా. రాజ్యం దొరికిందిగా" అంది అమ్మ. "ఇంకేం కావాలి నీకు?"

వేణు మైకు రాజ్యం చేతికిచ్చాడు. తర్వాత గేటు దగ్గరికి పోయి, గోటితో గీకి టైర్ల ప్రకటన పీకేశాడు. సగమే వచ్చింది. 'సైరన్ సైల' దాకా కనిపించింది. మిగతాది లక్ష్మణ్ కాకా మంచినీళ్ళ సీసాతో తడిపి, తన కండువాతో తుడిచాడు.

అమ్మ వాచీ చూసుకుంది. "ఐదైంది. మోగించండి."

"ఇంక పావుగంట ఉందమ్మా" అన్నారెవరో.

"సైలస్ గారికి ఐదైంది" అంది అమ్మ.

వేణు కాకా వైపు చూశాడు. కాకా కండువా దులుపుకున్నాడు. "కొట్టు. లేటైతె మల్ల గేటు బంద్ చేస్తరు" అన్నాడు.

అమ్మ చేత మీట నొక్కించారు.

ఆ చప్పుడు నేను మరచిపోయాననుకున్నాను. నాకు తెలియకుండానే చేతులు టిఫిన్ బాక్సు కోసం వెతికాయి. అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి జనం పరిగెత్తుకొచ్చారు, కుక్కలన్నీ మొరిగాయి. ముసలివాళ్ళు కుర్చీల్లోంచి లేచి గేటు వైపు నాలుగడుగులు నడిచి, ఎందుకు నడిచారో తెలియక ఆగిపోయారు. లక్ష్మణ్ కాకా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎవరూ ప్రసంగం చెయ్యలేదు, దేవుడికి స్తోత్రం.

రాయి మీద నీ పేరు కూడా చెక్కిస్తాం పెద్దమ్మా అన్నాడు వేణు, ఆటో ఎక్కించేటప్పుడు. "నాకు రాళ్ళొద్దు. రేపు స్వీట్లు పంపించు. నీ దీపావళి బాకీ ఉంది" అంది అమ్మ. ఆవిడకు నా అబద్ధాలన్నీ తెలుసని అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చాక అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అలసిపోయిందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి పోతే, "ఇన్నేళ్ళు కాపాడుకొచ్చాను ప్రిస్సీ. ఇవాళ నలుగురిలో నేనే ఆయన్ని నవ్వులపాలు చేశాను" అంది. నాన్న పోయిన రోజు కూడా అమ్మ ఇలా ఏడవలేదు. నాకు దుఃఖం ఆగలేదు. నా ఒక్క జోకు ఇంత పని చేసింది.

పక్కన కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక, నోటికొచ్చింది మాట్లాడుతూ పోయాను. రేపు ఆదివారం అని, మళ్ళీ తాళం వేసిన చర్చి ముందు ఆటోలో కూర్చోవాలని, నాన్న ఉంటే రుమాలు పరిచేవాడని, పల్లీలు తెచ్చేవాడని, 'ఇంకా పావుగంట ఉంది, కూర్చో కృపా' అనేవాడని...

అన్నాక నాకే మాట ఆగిపోయింది.

ఊరంతా పాస్టరు లేటని తిట్టుకునేది. నాన్న వాచీలోనూ ప్రార్థన టైము అయిపోయే ఉంటుంది. మరి ఆ మనిషికి పావుగంట ఇంకా ఉందని ఎవరు చెప్పారు?

అమ్మ ఏడుపు ఆపింది. ఇటు తిరిగింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమ్మ వాచీ వైపు చూసింది, పెదవులు కదిలాయి, వెనక్కి వెనక్కి ఎన్ని ఆదివారాలు లెక్కపెట్టుకుందో.

"ఎంత దొంగే మీ నాన్న" అంది చివరికి.

ఇప్పుడు కాస్త కాఫీ తాగి పడుకుంది. మధ్యమధ్యలో తనలో తాను నవ్వుకుంటోంది. నేను కుర్చీ వేసుకుని ఎక్కి, గోడ గడియారాన్ని మళ్ళీ పావుగంట ముందుకు తిప్పాను. పొద్దున పోయేటప్పుడు దారిలో పల్లీలు కొనాలి.